పాత గేటు గీకే ముందు ఒక్క నిమిషం: ఇనుము మీద పాత పెయింట్‌ని నేల పాడవకుండా తీసే పద్ధతి



ఎండాకాలం వచ్చిందంటే పొలం పని కాస్త తగ్గి ఇంటి పని పెరుగుతుంది. గొర్రు, గుంటక, కల్టివేటర్ బయటకి తీసి చూసుకుంటాం. పశువుల పాక గేటు తుప్పు పట్టింది, కిటికీ గ్రిల్స్ పెచ్చులు ఊడుతున్నాయి, తొలకరి లోపు పెయింట్ వేయించేద్దాం అనుకుంటాం. కొత్త పెయింట్ నిలబడాలంటే పాతది పోవాలి కదా. దానికి మన ఊళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే. అద్దెకి గ్రైండర్ తెచ్చి, దానికి వైర్ బ్రష్ బిగించి, పాక ముందే, ఆకుకూర మడి పక్కనే గంటలో గీకి పారేస్తారు. గేటు తళతళలాడుతుంది. లేచిన దుమ్ము ఎక్కడ పడిందో మాత్రం ఎవరూ చూడరు.

పైన వీడియోలో గేటు గీకడం, బిజాగరీలు ఉడకబెట్టడం చేసి చూపించాం. వీడియోలో చెప్పడానికి కుదరని కారణాలు, కొలతలు, జాగ్రత్తలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు ఒకసారి పూర్తిగా చదవండి.

పాత పెయింట్‌తో మన నేలకి ఏం సంబంధం?

సంబంధం పేరు సీసం. పాత ఎనామిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం కలిసిన పొడులు వాడేవారు. రంగు మెరవాలని, త్వరగా ఆరాలని, ఇనుము తుప్పు పట్టకూడదని వేసేవారు. పసుపు కొమ్ములకి మెరుపు రావడానికి కల్తీ చేసేవాళ్లు పూసే లెడ్ క్రోమేట్ గురించి మీరు వినే ఉంటారు. పాత పసుపు పెయింట్‌కి ఆ రంగు ఇచ్చింది కూడా అదే.

మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో నిబంధన తెచ్చారు. అది 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 90 పీపీఎం అంటే కిలో ఎండిన పెయింట్‌లో 90 మిల్లీగ్రాములు. అయితే ఆ నిబంధన ఇళ్లకి, అలంకరణకి వాడే పెయింట్లకే. యంత్రాలకి, పరిశ్రమలకి వాడే పెయింట్లు దాని కిందకి రావు. కాబట్టి 2017కి ముందు వేసిన పెయింట్ అయినా, ట్రాక్టర్ పరికరాల మీద ఉన్న పెయింట్ అయినా, ఎప్పుడు వేశారో తెలియని పెయింట్ అయినా, సీసం ఉందనే అనుకుని పని చేయాలి. ఉండకపోతే మంచిదే, మన జాగ్రత్త వృథా ఏమీ కాదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పాత పెయింట్‌లో సీసం 1 శాతం ఉందనుకుందాం. ఒక గేటు గీకితే 100 గ్రాముల పొడి రాలింది. అందులో సీసం 1 గ్రాము. ఆ గ్రాము 10 కిలోల మట్టిలో కలిస్తే, ఆ మట్టిలో కిలోకి 100 మిల్లీగ్రాముల సీసం పెరిగినట్టు. మామూలు నేలలో సహజంగా ఉండేది ఎక్కువగా 10 నుంచి 50 మిల్లీగ్రాముల మధ్యే. ఒక్క గేటుకే ఇంత తేడా వస్తుంది.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం ఇక్కడ ఇంకొకటి బాగా గుర్తు పెట్టుకోవాలి. పురుగుమందు అవశేషం అయితే ఎండకి, వానకి, సూక్ష్మజీవులకి ఎన్నాళ్లకో అన్నాళ్లకి విరిగిపోతుంది. సీసం మూలకం. దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవి లేదు. ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా, ఎంత ఘనజీవామృతం చల్లినా అది ఆ నేలలోనే ఉంటుంది. పైపొరలో, కొన్ని అంగుళాల లోతులోనే పట్టుకుని కూర్చుంటుంది. మనం విత్తనం పెట్టేది, పిల్లలు ఆడుకునేది, కోళ్లు కెలికేది ఆ పైపొరనే. పదేళ్లు కష్టపడి బాగు చేసుకున్న నేలని ఒక పూట గ్రైండర్ పనికి బలి పెట్టకూడదు.

సాయిల్ హెల్త్ కార్డులో ఇది తెలుస్తుంది కదా అని కొందరు అడుగుతారు. తెలియదండి. ఆ కార్డులో చూసే 12 అంశాల్లో నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్ లాంటివి ఉంటాయి గానీ సీసం ఉండదు. భారలోహాల పరీక్ష చేసే ల్యాబ్‌కి విడిగా పంపాలి.

ఎవరికి ప్రమాదం?

మొదట పిల్లలకి. సీసానికి ఇంతవరకు పర్వాలేదు అనే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెదడు ఎదిగే వయసులో ఒంట్లోకి వెళ్తే చదువు మీద, బుద్ధి మీద, ప్రవర్తన మీద దెబ్బ పడుతుంది. అది తిరిగి రాదు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఎక్కువగా ఉంది. దీనికి పెయింట్ ఒక్కటే కారణం కాదు. పాత బ్యాటరీలు, కల్తీ మసాలాలు, ఇలా చాలా ఉన్నాయి. మన చేతిలో ఉన్నదాన్ని మనం ఆపాలి. గర్భిణులు కూడా ఈ పనికి దూరంగా ఉండాలి, సీసం కడుపులో బిడ్డకి చేరుతుంది.

రెండోది పశువులకి. ఆవుకి, దూడకి నాకే అలవాటు. పెచ్చులూడిన గేటుని, పెయింట్ వేసిన ఇనుప కుడితి తొట్టిని నాకుతూనే ఉంటాయి. దూడలకి ముప్పు ఇంకా ఎక్కువ. పళ్లు కొరకడం, కళ్లు కనిపించనట్టు తడబడటం, తలని గోడకేసి ఆనించి నొక్కడం, కండరాలు అదరడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవండి. దగ్గర్లో పాత పెయింట్, పాత ట్రాక్టర్ బ్యాటరీ ఉన్నాయేమో చూసి ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. కోళ్లు పెచ్చుల్ని గింజలనుకుని తింటాయి, ఆ సీసం గుడ్డులోకి వస్తుంది.

మూడోది పంటకి. టమాటా, బెండ, వంగ కాయల్లోకి సీసం వెళ్లేది తక్కువ. తోటకూర, పాలకూర, కొత్తిమీర ఆకుల మీద దుమ్ము పడి అంటుకుంటుంది. ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు మట్టిలోనే ఉంటాయి కాబట్టి వాటికీ ముప్పే.

అసలు తీయాలా, వద్దా?

పెయింట్ గట్టిగా పట్టి ఉంటే, పెచ్చులు లేకపోతే, పశువులు నాకని చోట ఉంటే, మొత్తం తీయాల్సిన పని లేదు. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక, వాటర్ పేపర్‌తో తడిగా పైపైన రుద్ది దాని మీదే కొత్త కోటు వేసేయొచ్చు. సీసం లోపలే మూతపడి ఉంటుంది. అన్నిటికంటే తక్కువ దుమ్ము లేచే పద్ధతి ఇదే.

అక్కడక్కడ పెచ్చులు లేస్తుంటే ఆ భాగం వరకే తడిపి గీకి, అంచులు సమం చేసి పెయింట్ వేయండి.

పశువులు నాకే గేట్లు, తొట్లు, పిల్లలు పట్టుకునే కిటికీ ఊచలు, వెల్డింగ్ చేయాల్సిన చోట్లు మాత్రం పూర్తిగా తీయాలి. వెల్డింగ్ చేసే చోటుకి అన్ని వైపులా కనీసం 4 అంగుళాల వరకు పెయింట్ లేకుండా చూసుకోండి. పెయింట్ మీదే వెల్డింగ్ చేస్తే ఆ పొగ నేరుగా వెల్డర్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఈ నాలుగు పనులు చేయొద్దు

ఒకటి, పొడిగా ఉన్న పెయింట్ మీద గ్రైండర్, డ్రిల్లు వైర్ బ్రష్ వాడొద్దు. కంటికి కనిపించనంత సన్నటి పొడి లేస్తుంది, గాలితో పాటు చాలా దూరం పోతుంది.

రెండు, మంట పెట్టి కాల్చొద్దు. బ్లోల్యాంప్, గడ్డి మంట, కట్టెల మంట ఏదైనా సరే, సీసం ఆవిరిగా లేస్తుంది. హీట్ గన్ వాడేవాళ్లు తక్కువ వేడిలోనే పెట్టుకోవాలి. అమెరికాలో పాత పెయింట్ పని చేసేవాళ్లకి సుమారు 590 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని నిబంధన ఉంది. పెయింట్ బొబ్బలెక్కగానే ఆపి గీకాలి, పొగ రానివ్వకూడదు.

మూడు, ఇసుకతో కొట్టే బ్లాస్టింగ్ ఇంటి దగ్గర చేయించొద్దు. సీసానికి తోడు ఇసుక దుమ్ము వల్ల సిలికోసిస్ వస్తుంది. పెద్ద పరికరాలైతే మూసి ఉన్న గదిలో షాట్ బ్లాస్టింగ్ చేసే చోటుకి తీసుకెళ్లండి.

నాలుగు, హార్డ్‌వేర్ షాపులో అమ్మే పెయింట్ రిమూవర్ డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ లేదా డైక్లోరోమీథేన్ అని ఉంటే ఇంటికి తేవొద్దు. ఆ ఆవిరి మనిషిని స్పృహ తప్పిస్తుంది. ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసి ఉన్న గదుల్లో వాడి చనిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే అమెరికాలో ఇంటివాడకానికి దీన్ని అమ్మడం 2019లో ఆపేశారు. దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపలేదు. డబ్బా మీద ఏముందో రాయకపోతే కొనకపోవడమే మంచిది.

పద్ధతి 1: తడి గీకుడు (గేట్లు, గ్రిల్స్, తొట్లు, పెద్ద పరికరాలు)

కావలసినవి: ఒక పెద్ద టార్పాలిన్, నీళ్లు చల్లే చేతి స్ప్రేయర్, గీకే బ్లేడు, చేతి వైర్ బ్రష్, 80, 120, 220 నంబర్ల వాటర్ పేపర్, పాత గుడ్డలు, మందపాటి ప్లాస్టిక్ సంచులు, రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు, ఎన్95 లేదా అంతకంటే మెరుగైన మాస్కు. తలగుడ్డ ముక్కుకి చుట్టుకుంటే సరిపోదు, సన్నటి పొడి గుడ్డలోంచి వెళ్లిపోతుంది. స్ప్రేయర్ ఈ పనికి విడిగా పెట్టుకోండి, కషాయాలు కొట్టేదాన్ని వాడొద్దు.

గాలి లేని రోజు, పొద్దున్నే మొదలుపెట్టండి. ఊడదీయగలిగితే గేటుని ఊడదీసి కూరగాయల మడికి, బావికి, పాకకి దూరంగా తీసుకెళ్లి టార్పాలిన్ మధ్యలో పెట్టండి. ఊడదీయలేకపోతే కింద టార్పాలిన్ పరిచి అంచులు కొంచెం పైకి మడిచి, రాళ్లు పెట్టండి. పశువుల్ని, కోళ్లని, పిల్లల్ని అటు రానివ్వొద్దు.

పెయింట్ మీద నీళ్లు చల్లండి. కారేలా పోయొద్దు, తడిస్తే చాలు. ఒక అడుగు మేర తడపడం, గీకడం, మళ్లీ తడపడం. ముందు బ్లేడుతో పెచ్చులు తీయండి, తర్వాత మూలల్లో వైర్ బ్రష్, ఆ తర్వాత 80 నంబర్ వాటర్ పేపర్, చివర్లో 120, 220. ఎక్కడా పొడిగా రుద్దొద్దు. మధ్యమధ్యలో తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డని సంచిలో వేయండి. ఒక పక్కా మనిషికి మామూలు గేటు ఒక రోజు పని. గ్రైండర్‌తో గంటలో అయ్యేదానికి రోజు ఎందుకు అనిపిస్తుంది. ఆ రోజు మన నేల కోసం పెట్టుకున్నాం అనుకోండి.

పని మధ్యలో బీడీ, గుట్కా, పాన్, టీ ఏదీ వద్దు. తినాలంటే గ్లోవ్స్ తీసి, సబ్బుతో చేతులు, మొహం కడుక్కుని, దూరంగా వెళ్లి తినండి.

పద్ధతి 2: ఉడకబెట్టడం (బిజాగరీలు, గొళ్లేలు, చిన్న విడిభాగాలు)

చిన్న ఇనుప వస్తువులకి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు. దుమ్మే ఉండదు. వంటకి పనికిరాని పాత ఇనుప లేదా స్టీలు గిన్నె తీసుకోండి. 10 లీటర్ల నీళ్లలో 250 గ్రాముల చాకలి సోడా, అంటే వాషింగ్ సోడా, కలపండి. వస్తువులు పూర్తిగా మునగాలి. ఆరుబయట పొయ్యి మీద సన్నటి సెగన, తెర్లకుండా, గంట నుంచి రెండు గంటలు ఉంచండి. గాలి వచ్చే వైపు నిలబడండి. పెయింట్ మెత్తబడి రబ్బరులా తొక్క లేస్తుంది. దించి, చల్లారాక, గ్లోవ్స్ వేసుకుని కర్రపుల్లతోనో నైలాన్ బ్రష్‌తోనో తోసేస్తే ఊడొస్తుంది. మొండి పెయింట్ అయితే రాత్రంతా ఆ నీళ్లలోనే ఉంచి మళ్లీ వేడి చేయండి.

అల్యూమినియం గిన్నె గానీ, అల్యూమినియం వస్తువు గానీ, జింకు పూత ఉన్న జీఐ వస్తువు గానీ ఇందులో వేయొద్దు. సోడా వాటిని తినేస్తుంది. కాస్టిక్ సోడా అయితే ఇంకా త్వరగా పని చేస్తుంది గానీ కంట్లో చుక్క పడితే చూపు పోతుంది. ఇంట్లో పిల్లలున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. వాషింగ్ సోడా మనకి చాలు.

ఆ గిన్నె ఇక జన్మలో వంటకి, కుడితికి వాడకూడదు. దాని మీద పెద్దగా గుర్తు వేసి పక్కన పెట్టండి.

రాలిన పెయింట్‌ని ఏం చేయాలి?

పని మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే. టార్పాలిన్‌ని అంచుల నుంచి లోపలికి మడుస్తూ పెచ్చులన్నీ మధ్యకి తెచ్చి సంచిలో పోయండి. చీపురుతో పొడిగా ఊడ్చొద్దు, తడి గుడ్డతో తుడవండి. వాడిన గుడ్డలు, వాటర్ పేపర్, మాస్కు కూడా అందులోనే వేసి, రెండో సంచిలో పెట్టి గట్టిగా కట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

ఉడకబెట్టిన నీళ్లని కాలువలో గానీ చెట్టు మొదట్లో గానీ పోయకూడదు. మేడ మీదో, తాళం వేసే చోటో వెడల్పాటి టబ్బులో పోసి, పైన వల కప్పి ఎండకి వదిలేయండి. పశువులకి అందకూడదు. వేసవిలో కొద్ది రోజుల్లో నీరు ఇంకిపోయి అడుగున మడ్డి మిగులుతుంది. ఆ మడ్డిని కూడా సంచిలో కట్టేయండి.

పెంటకుప్పలో వేయొద్దు. తగలబెట్టొద్దు. గుంత తీసి పూడ్చొద్దు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో పాత పెయింట్ డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, బ్యాటరీలని గృహ ప్రమాదకర వ్యర్థాల కింద చేర్చారు. మున్సిపాలిటీల్లో వీటిని తడి చెత్త, పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలి. మన పంచాయతీలో అలా తీసుకునే ఏర్పాటు లేకపోతే డబ్బా మీద 'పాత పెయింట్, విషం' అని రాసి భద్రంగా దాచి, టౌన్‌కి వెళ్లినప్పుడు మున్సిపాలిటీ వాళ్లకి ఇవ్వండి.

పని బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. బయటే విప్పి, స్నానం చేసి వెళ్లండి. ఆ బట్టల్ని విడిగా ఉతకండి.

తీసిన తర్వాత

తడి ఇనుము గంటల్లోనే తుప్పు పడుతుంది. కాబట్టి పొడి గుడ్డతో తుడిచి ఎండలో పెట్టి, అదే రోజు ప్రైమర్ వేయండి. తుప్పు మచ్చలు ఉంటే చింతపండు గుజ్జు లేదా వెనిగర్ పూసి, కాసేపాగి రుద్ది, తర్వాత కొంచెం వాషింగ్ సోడా నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పులుపు మిగిలితే మళ్లీ తుప్పు వస్తుంది.

ప్రైమర్ కొనేటప్పుడు డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూడండి. రెడ్ ఆక్సైడ్ అనేది ఇనుప ఆక్సైడ్, అది వేరు. సింధూరం రంగులో ఉండే రెడ్ లెడ్ ప్రైమర్ వేరు. చూడటానికి దగ్గరగా ఉంటాయి, షాపులో అడిగి తీసుకోండి. కొత్త కోటుకి కూడా ఇదే మాట.

కర్రు, పార, కొడవలి లాంటి మట్టిలో తిరిగేవాటికి పెయింట్ అనవసరం. అవి వాడితేనే మెరుస్తాయి. దాచే ముందు శుభ్రంగా తుడిచి పలచగా ఆముదం రాయండి. కాలిన ఇంజన్ ఆయిల్ రాయడం మన దగ్గర అలవాటు. అది తొలి దుక్కిలోనే నేలలో కలుస్తుంది కాబట్టి వద్దు. అవిసె నూనె రాస్తే అది ఆరి పూతలా పట్టుకుంటుంది. ఒక్క హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ఇంకో మాట. జీవామృతం, పుల్ల మజ్జిగ, కషాయాలు పెయింట్ వేసిన ఇనుప డ్రమ్ముల్లో పెట్టొద్దు. పులిసిన ద్రవం పెయింట్‌ని, ఇనుముని రెండిటినీ కరిగిస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్మో, సిమెంటు తొట్టో వాడండి.

ఇప్పటికే మట్టిలో పడి ఉంటే?

పాత గేటు కింద, గోడ పక్కన పెచ్చులు కనిపిస్తే నీళ్లు చల్లి, చేతికి గ్లోవ్స్ వేసుకుని ఏరేయండి. ఆ చోట ఆకుకూరలు, దుంపలు వేయకండి. బంతి, చామంతి లాంటి పూలు వేసుకోండి. మట్టి బయటకి కనిపించకుండా మందంగా ఆచ్ఛాదన కప్పండి, దుమ్ము లేవదు. సేంద్రియ పదార్థం ఎక్కువ ఉన్న నేలలో సీసం మొక్కకి అందడం తగ్గుతుంది, కానీ అది ఎక్కడికీ పోదు. పిల్లలు ఆ మట్టిలో ఆడుతూ ఉంటే, అనుమానం ఉంటే, డాక్టరుని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.

తొలకరి పడేలోపు చేసుకోవాల్సిన పని ఇది. వాన మొదలైతే ఊడిన పెచ్చులు నీళ్లతో పాటు మడిలోకే వస్తాయి. ముందు ఆవు నాకే గేటు, పిల్లలు పట్టుకునే ఊచలు చూసుకోండి. మిగతావి వచ్చే వేసవికైనా పర్వాలేదు. మీ ఊళ్లో గ్రైండర్ అద్దెకిచ్చే అన్నకి, వెల్డింగ్ షాపు తమ్ముడికి ఈ వీడియో చూపించండి. రోజూ ఆ దుమ్ము పీల్చేది వాళ్లే.